టెలోమియర్ ప్యానెల్‌తో వచ్చిన గర్భాశయ క్యాన్సర్: కర్నూలు నుంచి ఒక పాథాలజిస్టు కేసు నోట్సు

కర్నూలులో హిస్టోపాథాలజీ (కణజాలాన్ని మైక్రోస్కోపు కింద పరీక్షించడం) చూసేవారికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రోజువారీ పని. గర్భాశయం లోపలి పొరలో పుట్టే ఎండోమెట్రియల్ క్యాన్సర్ అలా కాదు, ఒకప్పుడు అప్పుడప్పుడే కనిపించేది. మధుమేహం, స్థూలకాయం పల్లెల దాకా పాకిన తర్వాత అదీ తరచుగా వస్తోంది. ఈమధ్య పెరిగింది ఇంకొకటి ఉంది. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగాలు చేసే పిల్లలు తల్లిదండ్రుల కణితి బ్లాకులు, అంటే కణితి ముక్కలను మైనంలో పొదిగిన దిమ్మలు, అడిగి తీసుకువెళ్తారు. పేరు వినగానే భయం పుట్టే పరీక్షలు చేయించి, ఆ రిపోర్టులతో తిరిగి వస్తారు. ఈ కేసులో రెండూ కలిశాయి. రోగిని గుర్తుపట్టే వీలు లేకుండా వయసు, ఊరు, కుటుంబ వివరాలు మార్చాను. వైద్యానికి సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

రోగి పరిచయం

జిల్లా పడమటి మండలాల నుంచి వచ్చిన, అరవైకి దగ్గరపడిన గృహిణి. ముట్లు ఆగి చాలా ఏళ్లయింది. ఒకే కూతురు. చాలాకాలంగా షుగరు, బీపీ ఉన్నాయి, బరువూ ఎక్కువే. షుగరు వల్ల అరికాళ్లలో తిమ్మిరి, మంటలు. ఆ తిమ్మిరిని గుర్తుంచుకోండి, తర్వాత దానితో పని ఉంది.

మొదట చీరకు మరకలు కనబడ్డాయి. వేడి చేసిందనుకుని సబ్జా నీళ్లు, బార్లీ తాగారు. తగ్గకపోతే ఊళ్లోని ఆర్‌ఎంపీ మాత్రలు ఇచ్చారు. రక్తం ఆగింది, మళ్లీ వచ్చింది, మళ్లీ అవే మాత్రలు. ఖాళీ అయిన అట్టలను ఆవిడ పారేయకుండా సంచిలో దాచుకున్నారు. చూస్తే నోరెథిస్టెరోన్. ప్రొజెస్టెరోన్ తరహా మందు కాబట్టి కొన్నాళ్లు ఆ పొరను నెమ్మదింపజేస్తుంది. మూలకారణాన్ని మాత్రం తాకదు. కూతురు సంక్రాంతికి ఊరు వచ్చి విషయం బయటపడేదాకా సంగతి ఇలాగే సాగింది.

స్కానులో లోపలి పొర మందం 18 మిల్లీమీటర్లు. ముట్లు ఆగిన తర్వాత రక్తస్రావం అయిన స్త్రీలో అది 4 మిల్లీమీటర్లు దాటితే ముక్క తీసి చూడాలి. ఒక నర్సింగ్ హోమ్‌లో క్యూరెటాజ్ చేశారు, అంటే లోపలి పొరను గీకి ముక్కలు తీశారు. రిపోర్టు: ఎండోమెట్రియాయిడ్ కార్సినోమా (ఎండోమెట్రియల్ క్యాన్సర్లో ఒక రకం), గ్రేడ్ 3, అంటే అన్నిటికంటే ఉగ్రమైన గ్రేడు. ఎంఆర్‌ఐలో కండర పొర మందంలో సగానికి లోపే దిగినట్టు కనిపించింది. తర్వాత వేరే ఆసుపత్రిలో శనివారం శస్త్రచికిత్స జరిగింది. గర్భాశయం, ఫెలోపియన్ నాళాలు, అండాశయాలు, కటి భాగంలోని లింఫు గ్రంథులు తీశారు. నమూనాలు సోమవారం ఉదయం నా బల్ల మీదకు వచ్చాయి. ఏప్రిల్ నెల, కర్నూలు ఎండ.

నమూనా గురించి

లింఫు గ్రంథులు చిన్న చిన్న సీసాల్లో చక్కగా గట్టిపడి ఉన్నాయి. గర్భాశయాన్ని మాత్రం కోయకుండా, మూసినది మూసినట్టే, ఇరుకైన ప్లాస్టిక్ డబ్బాలో కుక్కి పంపారు. ఫార్మలిన్ దాని పై భాగాన్ని పూర్తిగా కప్పనైనా కప్పలేదు. కత్తి పెడితే వెలుపలి పొర గట్టిగా, బూడిద రంగులో ఉంది. లోపలికి వెళ్లేకొద్దీ మెత్తబడి, ఎర్రగా, వాసనతో ఉంది. కణితి ఉన్నది సరిగ్గా ఆ లోపలి చోటనే.

ఫార్మలిన్ కణజాలంలోకి మొదట్లో గంటకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున, లోతుకు వెళ్లేకొద్దీ ఇంకా నెమ్మదిగా ఇంకుతుంది. మూసిన గర్భాశయంలో నడిమి భాగాన్ని అది చేరేలోపే అక్కడి కణాలు తమ ఎంజైములకు తామే కరిగిపోవడం మొదలుపెడతాయి. మామూలు రంగుల్లో ఈ నష్టాన్ని కొంతవరకు సర్దుకోవచ్చు. ప్రొటీన్లను యాంటీబాడీతో వెతికే ఇమ్యూనోహిస్టోకెమిస్ట్రీలో, అంటే ఐహెచ్‌సీలో, సర్దుకోవడం కుదరదు.

మైక్రోస్కోపు కింద గ్రేడ్ 3 నిలబడింది, కణితిలో సగం పైన గట్టి ముద్దల్లా పెరిగినదే. కండరంలోకి దిగింది సగానికి లోపే. రక్తనాళాల్లోకి దూరిన జాడ కనబడలేదు. కణజాలం ముడుచుకుపోయిన చోట్ల ఆ మాట ధైర్యంగా చెప్పడం కష్టమని రిపోర్టులో రాశాను. గ్రంథులన్నీ శుభ్రం. స్త్రీవ్యాధి వైద్యుల అంతర్జాతీయ సమాఖ్య ఫిగో దశలు నిర్ణయిస్తుంది. దాని పాత 2009 లెక్కలో ఇది ఒకటి-ఏ దశ. 2023 లెక్క ప్రకారమైతే గ్రేడ్ 3 కణితి కండరంలోకి ఏ కొంచెం దిగినా రెండు-సీ. ఇలాంటి కణితికి తర్వాతి వైద్యం ఏమిటన్నది దశ ఒక్కటే తేల్చదు. అణుస్థాయి వర్గం కూడా తెలియాలి.

వర్గీకరణ మీద ఎందుకంత పట్టుదల

2013లో టీసీజీఏ (క్యాన్సర్ జీనోమ్ అట్లాస్) పరిశోధన ఎండోమెట్రియల్ క్యాన్సర్లను నాలుగు గుంపులుగా విడదీసింది. రోజువారీ పనిలో వాటిని గుర్తించడానికి మూడు పరీక్షలు చాలు: కణ విభజనను అదుపు చేసే పీ53 ప్రొటీను ఐహెచ్‌సీ, డీఎన్‌ఏ మరమ్మతు ప్రొటీన్లు నాలుగింటి ఐహెచ్‌సీ, డీఎన్‌ఏ నకలు తీసే ఎంజైముకు చెందిన పీఓఎల్‌ఈ జన్యువు సీక్వెన్సింగ్. రేడియేషన్ ఒక్కటే చాలా, కీమో కూడా కలపాలా అని చూసిన పోర్టెక్-3 అధ్యయనంలోని కణితులను ఇదే పద్ధతిలో విడదీసి 2020లో ఫలితాలు ప్రచురించారు. పీ53 అసాధారణంగా ఉన్న గుంపులో రేడియేషన్ ఒక్కటే ఇచ్చినప్పుడు అయిదేళ్లపాటు వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవారు 36 శాతం, కీమో కలిపితే 59 శాతం. మరమ్మతు ప్రొటీన్లు లోపించిన గుంపులో కీమో కలిపినా అదనపు లాభం కనబడలేదు. పీఓఎల్‌ఈ మార్పు ఉన్నవారు ఏ వైద్యంతోనైనా దాదాపు అందరూ బాగున్నారు.

మా రోగికి దీన్ని అన్వయిస్తే: పీ53 అసాధారణమైతే హై రిస్క్, అంటే కీమో, రేడియేషన్ రెండూ. మరమ్మతు లోపమైతే మధ్యస్థ రిస్క్, యోని లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్, అంటే బ్రాకీథెరపీతో సరిపోవచ్చు. పీఓఎల్‌ఈ మార్పు ఉంటే అదీ అక్కరలేకపోవచ్చు. అరికాళ్లలో ఇప్పటికే తిమ్మిరి ఉన్న మనిషికి ఈ కీమోలో వాడే ప్యాక్లిటాక్సెల్ ఇస్తే ఆ తిమ్మిరి ముదురుతుంది. తప్పుగా చదివిన ఒక్క రంగు ఆవిడ నడకను దెబ్బ తీయగలదు.

సమస్య ఎలా వచ్చింది

నేను పీ53కి స్లైడులు కోయించేలోపే కూతురు బ్లాకు అడిగి తీసుకుని బయటి ల్యాబుకు పంపించింది. బ్లాకు రోగి సొత్తు, కాదనడానికి వీల్లేదు. కొద్దిరోజులకు రిపోర్టు క్యాన్సర్ వైద్యునికి చేరింది. అందులో మూడు మాటలు: పీ53 నెగెటివ్, నల్ ప్యాటర్న్ (ప్రొటీను పూర్తిగా లేకపోవడం, అదీ అసాధారణం కిందే లెక్క). టెర్ట్ బలంగా పాజిటివ్. టీఆర్‌ఎఫ్2 పాజిటివ్. కింద వ్యాఖ్య: ఉగ్ర స్వభావం గల కణితి, రోగ భవిత బాగుండదు. మరమ్మతు ప్రొటీన్ల పరీక్ష ఆ ప్యానెల్‌లో లేనే లేదు.

వైద్యుడు నాకు ఫోన్ చేసి, కీమో మొదలుపెట్టే ముందు ఒక్కసారి చూడమన్నారు. అలా ఆగి అడిగే వైద్యులు ఎక్కువమంది ఉండరు.

టెలోమియర్ అంటే క్రోమోజోము కొసన టీటీఏజీజీజీ అనే అక్షరాల వరుస వేల సార్లు పునరావృతమయ్యే భాగం. ఎమ్మిగనూరు మగ్గం నుంచి దించిన బట్ట కొసన పోగులు ఊడిపోకుండా వేసే ముడి లాంటిది. కణం విభజన చెందిన ప్రతిసారీ అది కొంత అరిగిపోతుంది, మరీ పొట్టిదైతే కణం విభజన మానేస్తుంది. ఆ అరుగుదలను పూడ్చే ఎంజైము టెలోమెరేజ్. టెర్ట్ దాని ప్రధాన ప్రొటీను. ఈ వ్యవస్థను వివరించినందుకే బ్లాక్‌బర్న్, గ్రైడర్, షోస్టాక్‌లకు 2009లో నోబెల్ వచ్చింది. టీఆర్‌ఎఫ్2 టెలోమియర్‌ను కప్పి కాపాడే షెల్టరిన్ అనే ఆరు ప్రొటీన్ల కూటమిలో ఒకటి. క్యాన్సర్లలో 85 నుంచి 90 శాతం దాకా టెలోమెరేజ్‌ను మేల్కొలిపి తమ ఆయుష్షు పెంచుకుంటాయి. కాబట్టి టెర్ట్ ఎక్కువ ఉంటే క్యాన్సర్ చెడ్డదన్న ఊహ సహజంగానే పుడుతుంది.

గర్భాశయం దగ్గర ఆ ఊహ తడబడుతుంది. శరీరంలో చాలా కణజాలాల్లో టెలోమెరేజ్ నిద్రాణంగా ఉంటుంది. ప్రతి నెలా రాలిపోయి మళ్లీ పెరిగే ఎండోమెట్రియంలో మాత్రం, ఆరోగ్యవంతురాలైన స్త్రీలోనే, పెరుగుదల దశలో అది చురుగ్గా పనిచేస్తుంది. ఈస్ట్రోజెన్ దాన్ని పెంచుతుంది, ప్రొజెస్టెరోన్ అణచివేస్తుంది. ముట్లు ఆగాక తగ్గిపోతుంది. అంటే టెర్ట్ ఉందన్నంత మాత్రాన కణితి గుణం తెలియదు, ఆ పొర ఏ హార్మోన్ కింద ఉందో కూడా చూడాలి. మా రోగి నెలల తరబడి నోరెథిస్టెరోన్ మింగిన మనిషి. ఆ మందు ప్రభావాన్ని లెక్కలోకి తీసుకోకుండా టెర్ట్ మోతాదును ఏ దిక్కుకు చదివినా అది ఊహే.

ఇంకో చిక్కు. మరో టెలోమెరేజ్ భాగస్వామి డిస్కెరిన్ రొమ్ము క్యాన్సర్లో ఎక్కువగా ఉంటే చెడు సూచన. ఎండోమెట్రియంలో క్యాన్సర్ వచ్చినప్పుడు అదే ప్రొటీను తగ్గుతుంది. ఒక అవయవంలో నేర్చుకున్న పాఠాన్ని ఇంకో అవయవానికి అప్పజెప్పలేం. అలాగని టెలోమియర్ మార్కర్లన్నింటినీ నేను కొట్టిపారేయను. గర్భాశయ కండరంలో పుట్టే లియోమయోసార్కోమా టెలోమెరేజ్ లేకుండా వేరే దారిలో టెలోమియర్లను నిలబెట్టుకోవడం మామూలే, అక్కడ ఏటీఆర్‌ఎక్స్ ప్రొటీను లోపించడం నాకు పనికివచ్చే సంగతి. మన కేసు అది కాదు.

ఏం ప్రయత్నించాం, ఏది కుదరలేదు

మొదట రంగు వేసిన స్లైడులు తెప్పించుకున్నాను. రిపోర్టు చదివి అభిప్రాయం చెప్పడం నాకు నచ్చదు.

పీ53 స్లైడులో కణితి కణాలన్నీ నీలంగా, ప్రొటీను ఉంటే రావాల్సిన గోధుమ రంగు లేకుండా ఉన్నాయి. నల్ ప్యాటర్న్ అంటే ఇలాగే ఉంటుంది, నిజమే. కానీ దాన్ని నల్ అనాలంటే పక్కనున్న మామూలు కణాలు, అంటే స్ట్రోమా (చుట్టూ ఉండే ఆధార కణజాలం), లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు), రక్తనాళాల లోగోడ కణాలు, కొద్దిగానైనా అక్కడక్కడా గోధుమ రంగు చూపాలి. అవే మనకు సాక్షి. ఈ స్లైడులో ఒక్క కణమూ రంగెక్కలేదు. సాక్షి నోరు విప్పకపోతే కణితి మౌనానికి అర్థం లేదు.

టెర్ట్ స్లైడు దీనికి పూర్తి విరుద్ధం. గోధుమ రంగు ఎటు చూసినా ఉంది. కణితి కేంద్రకాల్లో ముదురు చుక్కలు, చుట్టూ కణద్రవ్యంలో మసక. పెద్ద లెన్సుతో చూస్తే ఆ చుక్కలు కేంద్రకంలోని న్యూక్లియోలస్ దగ్గరే కూర్చున్నాయి. స్ట్రోమాలో, కండరంలో, చివరికి చచ్చిపోయిన ముక్కల్లో కూడా రంగు ఉంది. కణాల్లో టెర్ట్ పరిమాణం చాలా స్వల్పం, దాన్ని ఐహెచ్‌సీతో పట్టడమే కష్టం. బాగా వాడుకలో ఉన్న ఒక టెర్ట్ యాంటీబాడీ నిజానికి న్యూక్లియోలిన్ అనే వేరే ప్రొటీనును పట్టుకుంటోందని 2006లోనే తేలింది. న్యూక్లియోలిన్ ప్రధానంగా ఉండేది న్యూక్లియోలస్‌లోనే. రిపోర్టులో యాంటీబాడీ క్లోన్ పేరు లేదు. ఈ స్లైడులో కనబడింది న్యూక్లియోలినే అని నేను ప్రమాణం చేయలేను. టెర్ట్ అని కూడా ఎవరూ ప్రమాణం చేయలేరు. టీఆర్‌ఎఫ్2 పరిస్థితీ ఇంతే, మామూలు కండర కణాలకూ అదే రంగు. కేంద్రకం ఉన్న ప్రతి కణానికీ టెలోమియర్ ఉంటుంది కాబట్టి దానికి కాపలా కాసే ప్రొటీను ఉండటంలో వింత లేదు. ఎంత ఎక్కువైతే చెడు అన్న హద్దు ఎవరు గీశారో రిపోర్టు చెప్పలేదు.

తర్వాత అదే బ్లాకు మీద పీ53 మా దగ్గర మళ్లీ వేశాం. ఫార్మలిన్ కప్పేసిన ప్రొటీనును యాంటీబాడీకి అందేలా చేసే దశ, అంటే యాంటిజెన్ రిట్రీవల్, సమయం పెంచి ఇంకోసారి వేశాం. రంగు రాలేదు, కణజాలం స్లైడు మీద నుంచి లేచిపోవడం మాత్రం ఎక్కువైంది. రంగు మందు తప్పా, ముక్క తప్పా అని తేల్చడానికి అదే విడతలో రోగి లింఫు గ్రంథి బ్లాకును కలిపి నడిపాం. గ్రంథిలోని కణాలు ఎప్పటిలాగే పలుచగా రంగెక్కాయి. అంటే రంగు మందు బాగానే ఉంది, గర్భాశయం బ్లాకే చెడింది.

కణితి వెలుపలి అంచున్న వేరే బ్లాకు మీద కూడా చూశాం. ఫార్మలిన్ అందిన సన్నని పట్టీలో స్ట్రోమా రంగెక్కింది, అక్కడి కొద్ది కణితి కణాలు కూడా సాధారణ రీతిలో రంగు చూపాయి. లోపలికి వెళ్లగానే రెండూ ఒకేసారి మాయం. ఇది ఆశ కలిగించింది, కానీ ఆ పట్టీ ఆధారంగా ఒకరి కీమో ఆపే ధైర్యం నాకు లేదు.

ఏది పనికొచ్చింది

క్యూరెటాజ్ ముక్కలు చిన్నవి, తీసిన వెంటనే ఫార్మలిన్‌లో పడినవి. ఐహెచ్‌సీకి గర్భాశయం కంటే అవే మేలు. అయితే ఆ బ్లాకు ఇంకో ల్యాబులో ఉంది. ఫోన్లో అడిగితే రసీదు కావాలన్నారు. రసీదు రోగి ఇంట్లో గాలించగా షుగరు మందుల చీటీల మధ్య దొరికింది. కూతురే వెళ్లి తెచ్చింది.

ఆ బ్లాకులో ముందు స్ట్రోమా చూశాను, తర్వాతే కణితి. పీ53: స్ట్రోమా పలుచగా, కణితి హెచ్చుతగ్గులుగా, సాధారణ రీతి. ఇక మరమ్మతు ప్రొటీన్లు నాలుగింటిలో ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 నిలబడ్డాయి. ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 కణితిలో లేవు, పక్కన స్ట్రోమాలో స్పష్టంగా ఉన్నాయి. లేకపోవడం అంటే ఇది. అంటే మరమ్మతు లోపం గుంపు.

టెర్ట్‌ను కూడా ఈ మంచి బ్లాకు మీద మళ్లీ చేయిద్దామని వైద్యుడు అన్నారు. నేను వద్దన్నాను. ఎక్కువ వస్తే కీమో ఇస్తారా? ఇవ్వరు. తక్కువ వస్తే బ్రాకీథెరపీ మానేస్తారా? మానరు. రెండు జవాబులకూ వైద్యం ఒకటే అయినప్పుడు ఆ ప్రశ్నకు రోగి డబ్బు ఎందుకు ఖర్చవ్వాలి? గుంపుల మీద చేసే పరిశోధనలో టెర్ట్ ఎక్కువున్నవారు తక్కువ కాలం బతికినట్టు కనిపించవచ్చు. ఆ ఎక్కువతనం తరచుగా గ్రేడుతో, దశతో కలిసే వస్తుంది, అవి మనకు ముందే తెలుసు. వాటికి మించి కొత్తగా ఏమైనా చెబుతుందా అన్నదే ఒక మార్కర్‌ను వాడుకలోకి తేవడానికి ముందు దాటించాల్సిన గడప. టెలోమియర్ ప్రొటీన్లు ఎండోమెట్రియల్ క్యాన్సర్లో ఆ గడప ఇంకా దాటలేదు. అందుకే వైద్య మార్గదర్శకాల్లో వాటి పేరు లేదు. ఆయన కాస్త నొచ్చుకున్నా ఒప్పుకున్నారు.

పీఓఎల్‌ఈ మీద మాత్రం నేనే పట్టుబట్టాను. గ్రేడ్ 3లో ఆ మార్పు కనబడే అవకాశం కొట్టిపారేసేది కాదు, మరమ్మతు లోపంతో కలిసి ఉన్నా పీఓఎల్‌ఈదే పైచేయి, వైద్యాన్ని ఇంకా తగ్గించగల జవాబు అది. కుటుంబం చేతిలో పరీక్షలకని ఉంచుకున్న డబ్బు టెలోమియర్ ప్యానెల్‌కే అయిపోయింది. ఈ కేసులో నాకు కోపం తెప్పించింది ఇదొక్కటే. జవాబు మార్చని పరీక్షకు డబ్బు పోయింది, జవాబు మార్చగలది ఆగిపోయింది. మిగిలిన కొద్దిలో ఎంఎల్‌హెచ్1 మిథైలేషన్ పరీక్షకు (ఆ జన్యువు రసాయన ముద్రతో మూతపడిందా అని చూసేది) పంపాం, ఎందుకంటే అది కూతురికీ సంబంధించినది.

కూతురితో మాట

రిపోర్టు ఇచ్చేటప్పుడు ఆ అమ్మాయి ఒకే మాట అడిగింది. “మేడమ్, టెలోమియర్ పరీక్షంటే ఆయుష్షు కొలిచేదట కదా. అమ్మకు ఎంత మిగిలిందని వచ్చింది?” అప్పటికి అర్థమైంది ఆ పరీక్ష ఎందుకు చేయించిందో. వృద్ధాప్యాన్ని లెక్కగడతామంటూ రక్తంలో టెలోమియర్ పొడవు కొలిచి అమ్మే పరీక్షలు, కణితి కణాల్లో టెర్ట్ ప్రొటీను వెతకడం ఆమె దృష్టిలో ఒకటైపోయాయి. ఉగ్ర స్వభావం అన్న వ్యాఖ్యను అమ్మకు మిగిలిన రోజుల లెక్కగా చదువుకుంది. తల్లికి చెప్పలేదు, ఒంటరిగా మోసింది.

“ఆ పరీక్ష కొలిచింది మీ అమ్మ ఆయుష్షు కాదమ్మా” అని, రెండు స్లైడులూ పక్కపక్కన తెర మీద చూపించాను. చెడిన బ్లాకులో స్ట్రోమా ఎలా ఉందో, మంచి బ్లాకులో ఎలా ఉందో ఆమే వేలు పెట్టి చెప్పింది. వైద్యం తెలియని మనిషి కూడా కంట్రోల్, అంటే సాక్షి కణం, ఏమిటో అంత త్వరగా పట్టుకుంటుంది. పది నిమిషాల మాటలు చేయలేని పని అది.

మిథైలేషన్ పాజిటివ్ వచ్చింది. ఎంఎల్‌హెచ్1 పోవడానికి కారణం పేగు, గర్భాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే వంశపారంపర్యమైన లించ్ సిండ్రోమ్ కాకపోవచ్చని దానర్థం. రక్తసంబంధీకుల్లో పేగు క్యాన్సర్, గర్భాశయ క్యాన్సర్ చరిత్ర కూడా లేదు. కూతురికి జన్యు పరీక్ష అక్కరలేదని చెప్పాను. ముట్లు తప్పుతుంటే, బరువు పెరుగుతుంటే ఊరుకోవద్దని కూడా చెప్పాను.

రోగికి బ్రాకీథెరపీ ఇచ్చారు. కీమో ఇవ్వలేదు. నాకు తెలిసేనాటికి తనిఖీలకు సక్రమంగా వస్తున్నారు, వ్యాధి జాడ లేదు. అరికాళ్ల మంట ఎప్పటిలాగే ఉంది, పెరగలేదు. తొలి ఏళ్లలో తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ కాబట్టి ఇది తీర్పు కాదు. ఒకవేళ తిరగబెడితే మరమ్మతు లోపం ఉన్న కణితులకు ఇమ్యూనోథెరపీ బాగా పనిచేస్తుంది కాబట్టి ఆ ఫలితాన్ని రిపోర్టు మొదటి పంక్తిలోనే ఉంచాను.

మా దగ్గర ఏం మారింది

మా ల్యాబు కోరిక పత్రంలో ఇప్పుడు ముందు వచ్చిన బయాప్సీ బ్లాకు ఏ ల్యాబులో ఉందో రాసే గడి ఉంది. ముట్లు ఆగిన రోగి గతంలో ఏ హార్మోను మాత్రలు వాడారో రాసే గడి కూడా ఉంది, అది ఖాళీగానే ఎక్కువ వస్తుంది. ఐహెచ్‌సీ రిపోర్టులో ప్రతి మార్కర్ పక్కన స్ట్రోమా రంగెక్కిందా లేదా అని విడిగా రాస్తున్నాం. ఎక్కకపోతే నెగెటివ్ అని కాదు, చదవడానికి వీలుకాదు అని రాస్తున్నాం.

సర్జన్లకు ఫోన్ చేసి, గర్భాశయాన్ని ముఖద్వారం నుంచి పైదాకా రెండు పక్కలా కోసి, మధ్యలో గాజుగుడ్డ పెట్టి, దాని కంటే పదింతల ఫార్మలిన్ పట్టే బకెట్‌లో వేయమని చెప్పాను. కొందరు దిక్కులు తెలియకుండా పోతాయని అభ్యంతరం చెప్పారు. పక్క అంచుల వెంట కోస్తే ముందు వెనకలు చెడవని ఒక నమూనా మీద చూపించాక ఒప్పుకున్నారు. రెండు ఆసుపత్రుల నుంచి ఇప్పుడు తెరిచిన గర్భాశయాలే వస్తున్నాయి. ఒక నర్సింగ్ హోమ్ మాత్రం ఇప్పటికీ మూసిన డబ్బాలే పంపుతోంది. అక్కడి కేసులకు క్యూరెటాజ్ బ్లాకు చేతికి అందేదాకా నేను పీ53 వేయను. ఆలస్యం ఎందుకని బంధువులు అడిగితే ఈ కారణమే చెబుతున్నాను.